ఎడమకు తిప్పితే ఏడుపు

నవ్వండి, నవ్వండి. మీ పిల్లలు పెద్దవాళ్లయిపోయారు కాబట్టి నవ్వుతున్నారు. దీపాలు పెట్టే వేళకు మూడు నెలల పసిదాన్ని చేతిలో పెట్టి, "కాసేపు చూస్తూ ఉండండి, ఇప్పుడే వస్తా" అని భార్య స్నానానికి వెళ్లిన సాయంత్రాలు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. అప్పుడు నవ్వండి చూద్దాం.

మా ఇంట్లో మేం ముగ్గురం. నేను ప్లంబర్ని. మా ఆవిడ సిటీ బస్సు డ్రైవరు. మూడోది మా అమ్మాయి. దానికి ఉద్యోగం ఇంకా రాలేదు గానీ, ఇల్లు మాత్రం అదే నడుపుతోంది.

దానికి మంచి పేరే పెట్టుకున్నాం. ఆ పేరుతో పిలిచే తీరిక మాకు దొరకలేదంతే. పుట్టిన కొద్ది రోజులకే పక్కింటివాళ్లు సైరన్ అన్నారు. మేమూ అలవాటు పడిపోయాం. ఫ్యాక్టరీ సైరన్ అయినా ఆదివారం సెలవు తీసుకుంటుంది, మాది అదీ లేదు.

పగలంతా ఆ పిల్లంత బుద్ధిమంతురాలు లేదు. సాయంత్రం వీధిలో లైట్లు వెలిగాయంటే చాలు, మొహం కందిపోతుంది. పిడికిళ్లు బిగుస్తాయి. కాళ్లు రెండూ పొట్టలోకి ముడుచుకుంటుంది. పొట్ట చూస్తే గాలి కొట్టిన బంతి. ఇక అందుకుంటుంది రాగం. కింద వీధిలో కుక్కలు కూడా ఆ శ్రుతికి తట్టుకోలేక వేరే వీధికి మారిపోయాయి.

భయపడి డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాం. ఆవిడ పిల్ల పొట్ట తట్టి చూసి, తేలిగ్గా నవ్వేసింది.

"ఏం లేదు, గ్యాసు. ఈ వయసు పిల్లలకి మామూలే. పాలు తాగిన వెంటనే కాకుండా కాస్త ఆగి, అరచేతులు వెచ్చబెట్టుకుని, రెండు చుక్కల నూనె రాసుకుని, బొడ్డు చుట్టూ మెల్లగా తిప్పండి. గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి సుమా. తర్వాత సైకిలు తొక్కిస్తున్నట్టు కాళ్లు ఆడించండి, గ్యాసు పోతుంది" అంది.

"మరి మందేమీ రాయరా?" అన్నాను నేను.

"చెయ్యే మందు" అంది డాక్టరమ్మ.

నిజంగానే మా ఆవిడ చెయ్యి మందు. ఇలా మంచం మీద కూర్చునేది, అలా నూనె రాసేది, నాలుగు చుట్లు తిప్పేది, మోకాళ్లు రెండూ పొట్టకు ఆనించి వదిలేది. 'టుర్‌ర్' మని ఒక చిన్న చప్పుడు. అంతే, పిల్ల మొహం విప్పారి, బోసినవ్వు నవ్వేది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినంత సంతోషం ఆ మొహంలో.

నా చెయ్యి విషయానికొస్తే, అది మందు కాదు, మంట. నేను పొట్ట మీద చెయ్యి వేశానో లేదో, అప్పటిదాకా మామూలుగా ఏడుస్తున్న పిల్ల గొంతు మార్చి ఏడ్చేది.

"చేతులా అవి, గరుకు కాగితాలా?" అంది మా ఆవిడ.

"పైపులు బిగించే చేతులోయ్. పట్టులా ఉంటాయా మరి?"

"అయితే ఇక్కడ బిగించకండి. అది పిల్ల, కుళాయి కాదు."

ఆ మాట నేను అప్పుడే చెవిన పెట్టి ఉంటే ఈ కథే లేదు.

ఇంతలో మా ఆవిడ సెలవు అయిపోవచ్చింది. సోమవారం నుంచి డ్యూటీ. అదీ సాయంత్రం షిఫ్టు. సైరన్ షిఫ్టూ, ఆవిడ షిఫ్టూ ఒకటే వేళకు పడ్డాయి. సరిగ్గా ఆ సమయానికి మా అత్తగారు ఫోన్ చేశారు.

మా అత్తగారు ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం రిటైరయింది గానీ గొంతు కాలేదు. ఆవిడ ఫోన్‌లో 'హలో' అంటే, కూర్చున్నవాణ్ని నేను లేచి నిలబడతాను. అవతల ఆవిడకు కనిపించదని తెలుసు. అయినా నిలబడతాను.

"అల్లుడుగారూ, నేను ఆలోచించాను" అన్నారు. ఆవిడ ఆలోచించారంటే ఇక మనం ఆలోచించేదేమీ ఉండదు. "పిల్లని నా దగ్గరికి పంపించేయండి. పళ్లు వచ్చేదాకా నేనే చూసుకుంటాను. ఆదివారాలు మీరిద్దరూ వచ్చి చూసి వెళ్లండి."

రైలెక్కి వెళ్లి, సందర్శకుల గదిలో కూర్చుని కూతుర్ని చూసి రావడమా? ఏడ్చినా, మొత్తుకున్నా, మా ఇంటికి కళ దానివల్లే వచ్చింది. నేను పని నుంచి వచ్చి స్నానం చేసి ఎత్తుకోగానే, నా చొక్కా గుండీ పట్టుకుని, ఏదో పెద్ద కేసు విచారిస్తున్నట్టు దాన్నే చూస్తుంది. ఆ గుండీ విచారణ లేకుండా నాకు సాయంత్రం ఎలా గడుస్తుంది?

ఫోన్ పెట్టేసి మా ఆవిడ వైపు తిరిగాను.

"కుదరదు. పిల్ల ఎక్కడికీ వెళ్లదు."

"సాయంత్రాలు ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను. మధ్యాహ్నానికే పని ముగించుకుని వచ్చేస్తాను."

"మీరా?" అని ఒక చూపు చూసింది. అడ్డంగా దూసుకొచ్చిన స్కూటరువాణ్ని బస్సు అద్దంలోంచి చూసే చూపు అది.

"ఏం, నేను తండ్రిని కానా?"

"తండ్రే. కానీ మీరు ఎత్తుకుంటే దానికి ఆ సంగతి గుర్తుండటం లేదు. పిల్ల అలా గుక్కపట్టి ఏడుస్తుంటే నేను స్టీరింగ్ ఎలా పట్టుకోను చెప్పండి?" అంది. మాట గట్టిగానే అంది కానీ కళ్లు తడిగా ఉన్నాయి. "సరే, ఒక పని చేద్దాం. ఆదివారం సాయంత్రం అమ్మ వస్తుంది. మేమిద్దరం ముందు గదిలో కూర్చుంటాం. మీరూ అదీ పడగ్గదిలో. మీ చేతిలో ఊరుకుంటే ఇక్కడే ఉంటుంది. ఊరుకోకపోతే అమ్మతో వెళ్తుంది. సరేనా?"

"సరే!" అన్నాను. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవకూడదు కదా.

ఆ సాయంత్రం మా ఆవిడ పిల్ల పొట్ట రాస్తుంటే పక్కనే కూర్చుని, పని నేర్చుకునే కుర్రాడిలా కళ్లార్పకుండా చూశాను. చూస్తూ చూస్తూ ఉలిక్కిపడ్డాను.

"ఏమోయ్! కుడికి తిప్పుతున్నావేంటి?"

"గడియారం తిరిగేది కుడికేగా."

"గడియారం సంగతి ఎవడికి కావాలి? ఏ కుళాయైనా, ఏ వాల్వైనా, కుడికి తిప్పితే బిగుస్తుంది. ఎడమకు తిప్పితే విచ్చుకుంటుంది. లోపల గాలి పట్టేసి ఉంది. దాన్ని వదలాలా, ఇంకా బిగించాలా?"

"డాక్టరమ్మ చెప్పింది."

"డాక్టరమ్మ తన సర్వీసులో ఒక్క వాల్వు విప్పిందా?"

"మీరు మీ సర్వీసులో ఒక్క పిల్లని కన్నారా?"

ఈ ప్రశ్నకు ప్రపంచంలో ఏ మగవాడి దగ్గరా జవాబు లేదు. ఇంతలో 'టుర్‌ర్' మంది, పిల్ల నవ్వింది.

కుడికి తిప్పినా పోయిందే అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. దానికి నేను సమాధానం కూడా కనిపెట్టాను. తల్లి చెయ్యి కాబట్టి తప్పు వైపు తిప్పినా పని అయిపోతోంది. అదే సరైన వైపు, అంటే ఎడమకు తిప్పితే, చిటికెలో అయిపోదూ? నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. మా ఆవిడ నాలుగో కాలు చూపించినా నేను చూడను.

అయితే ఏ పనైనా ముందు పరీక్షించి చూడాలి. కొత్త పంపు బిగిస్తే నీళ్లు వదిలి చూడమూ? పరీక్షకు మనిషి కావాలి. అడిగినట్టే మా బావమరిది దిగాడు.

మా బావమరిది పరుపుల షాపులో సేల్స్‌మన్. పరుపు ఎంత మెత్తగా ఉందో కొనేవాళ్లకి పడుకుని చూపించడం వాడి పని. ఆ పనిలో వాణ్ని మించినవాడు లేడు. మా ఇంటికి వచ్చినా డ్యూటీ మానడు, సోఫా కనిపిస్తే వాలిపోతాడు. వాడి పొట్ట మా సైరన్ పొట్టకు పెద్దక్క.

శనివారం మధ్యాహ్నం వాడికి కడుపు నిండా భోజనం పెట్టాను. నిండాక కూడా పెట్టాను.

"బావా, ఇక చాలు. పొట్ట బిగుసుకుపోయింది" అన్నాడు.

"బిగుసుకుందా? శభాష్. చొక్కా తీసి పడుకో."

పడుకోమంటే వాడు ఎందుకని అడగడు. చేతులకు నూనె రాసుకుని, బొడ్డు చుట్టూ ఎడమకు తిప్పడం మొదలుపెట్టాను.

"బావా, చక్కిలిగిలి!"

"కదలకురా. వాల్వు విప్పుతున్నాను."

"అది వాల్వు కాదు బావా, బొడ్డు!"

ఇంకో నాలుగు చుట్లు తిప్పేసరికి వాడి లోపల ఎక్కడో గుడగుడమంది. తర్వాత వచ్చింది చూడండి ఒక త్రేన్పు. కిటికీ అద్దాలు కదిలాయి. పక్కింటావిడ, "ఏమైనా పడిందా అండీ?" అని కేకేసింది.

నా ఆనందానికి హద్దు లేదు. ఎడమ సిద్ధాంతం రుజువైపోయింది! పెట్టిన భోజనానికి వాడెలాగూ త్రేన్చేవాడే అన్న ఆలోచన నాకు అప్పుడు తట్టలేదు. అంతలో తలుపు తీసుకుని మా ఆవిడ వచ్చింది. ఒక చేతిలో కూరల సంచి, ఇంకో చేతిలో పిల్ల. ఎదురుగా నూనె ఓడుతున్న తమ్ముడు, వాడి పొట్ట మీద మొగుడి చేతులు.

"ఏంటిది?" అంది.

"ప్రాక్టీసు" అన్నాను.

"వీడి మీదా? వీడికి మూడు నెలలా?" అని, నా పక్కనున్న సీసా అందుకుంది. "అయ్యో అయ్యో, పిల్ల నూనె మొత్తం పోసేశారా! వీడి పొట్ట తడవాలంటే సీసా ఎక్కడ చాలుతుంది, ట్యాంకరు కావాలి. అది సరే, ఎటు తిప్పుతున్నారు?"

"కుడికే" అన్నాను గోడ వైపు చూస్తూ.

బావమరిది సాక్ష్యం చెప్తాడేమోనని భయపడ్డాను. వాడు అప్పటికే గుర్రు పెట్టాడు.

ఆ సాయంత్రం మా ఆవిడ స్నానానికి వెళ్లగానే సిద్ధాంతాన్ని అసలు మనిషి మీద ప్రయోగించాను. మెల్లగానే, ప్రేమగానే, ఎడమకు తిప్పాను. సైరన్ రెండు మెట్లు పైకెక్కింది. కాళ్ల సైకిలు కూడా వెనక్కే తొక్కించాను. మూడో మెట్టు ఎక్కింది. మా ఆవిడ తలకు సబ్బు నురగతోనే పరుగెత్తుకొచ్చి పిల్లని లాక్కుంది.

మర్నాడే పరీక్ష. సిద్ధాంతం తప్పని ఒప్పుకోవడానికి మనసు రాదు. పిల్లని పంపడానికి అసలే రాదు. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. వెళ్లి బావమరిదిని నిద్ర లేపాను.

"బావా, నువ్వు పిల్లని నవ్వించక్కర్లేదు. నవ్వు వినిపిస్తే చాలు కదా" అన్నాడు వాడు ఆవులిస్తూ. పరుపులు అమ్మేవాడి బుర్రలో ఇంత దూది ఉండి కూడా ఎక్కడో తెలివి దాక్కుందని నాకు ఆ రోజే తెలిసింది.

పథకం చాలా తేలిక. ఆదివారం పొద్దున మా ఆవిడ పిల్లకి పొట్ట రాస్తున్నప్పుడు నా ఫోన్ దిండు కింద పెట్టి, పిల్ల కిలకిలలు రికార్డు చేసుకోవాలి. పడగ్గదికి వెనక చిన్న బాల్కనీ ఉంది, దానికి అద్దాల తలుపు. సాయంత్రం బావమరిది ఆ బాల్కనీలో ఆరేసిన దుప్పట్ల వెనక దాక్కుంటాడు. నా చేతిలో పిల్ల ఊరుకుంటే సరే. ఊరుకోకపోతే పిల్లని వాడికి అందించి, తలుపు మూసి, ఫోన్ మోగించాలి. బయటి ఏడుపు ఏ పక్కింటి పిల్లదో అనుకుంటారు. లోపలి నవ్వు మన పిల్లది.

పొద్దున రికార్డింగ్ దివ్యంగా వచ్చింది. చెవి దగ్గర పెట్టుకుని నవ్వు వరకూ విన్నాను. అంత తియ్యటి నవ్వు విన్నాక ఇంక మిగతాది ఎవరు వింటారు చెప్పండి?

సాయంత్రం మా అత్తగారు వచ్చారు. వస్తూనే ఇల్లంతా ఒకసారి కళ్లతో తనిఖీ చేసి, "అబ్బాయి కనిపించడే?" అన్నారు. "పడుకున్నాడేమోనండీ" అన్నాను. వాడి విషయంలో ఆ మాట ఎప్పుడన్నా అబద్ధం కాదు. వీధిలో లైట్లు వెలిగాయి. సైరన్ మోగింది.

"వెళ్లండి" అంది మా ఆవిడ పిల్లని నా చేతిలో పెట్టి. పెట్టాక కూడా చెయ్యి వెంటనే వదల్లేదు.

గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. చేతులు వెచ్చబెట్టుకున్నాను. నూనె రాసుకున్నాను. "బంగారుతల్లీ, మన ఇద్దరి పరువూ నీ పొట్టలో ఉందమ్మా" అని చెవిలో చెప్పుకున్నాను. ఎడమకు తిప్పాను.

దాని గొంతుకు గది చాల్లేదు. ఎడమకు తిప్పుతూ బతిమాలాను. ఎడమకు తిప్పుతూ బస్సు హారన్ లాగా కూశాను. ఎడమకు తిప్పుతూ నేనూ ఏడవడం ఒక్కటే తక్కువ. ముందు గదిలో కుర్చీ కదిలిన చప్పుడైంది. "కూర్చో. లేచావంటే ఊరుకోను" అని అత్తగారి గొంతు వినిపించింది. ఎవర్ని అంటున్నారో ఆలోచించే ఓపిక నాకు లేదు.

ఇక లాభం లేదనుకుని బాల్కనీ తలుపు తీశాను. దుప్పట్ల వెనక బావమరిది నిలబడే నిద్రపోతున్నాడు. కుదిపి లేపి, పిల్లని వాడి చేతిలో పెట్టి, తలుపు మూసి, ఫోన్ నొక్కాను.

కిలకిల, కిలకిల. గది నిండా మా అమ్మాయి నవ్వు.

"భేష్ అల్లుడుగారూ!" అన్నారు అత్తగారు అవతలి నుంచి. నేను గాల్లో తేలిపోయాను. అలా తేలుతూ ఉండగానే ఫోన్‌లోంచి మా ఆవిడ గొంతు గట్టిగా, స్పష్టంగా వచ్చింది.

"వచ్చిందా అమ్మా? హమ్మయ్య, నా తల్లే."

మా ఆవిడ ముందు గదిలో తల్లి పక్కన కూర్చుని ఉంది. మా ఆవిడ గొంతు ఇక్కడ నాతో పాటు గదిలో ఉంది. ఆపుదామని నొక్కబోతే, చేతులకు నూనె. ఫోన్ జారి మంచం కిందికి పోయింది. అక్కడి నుంచి ఇంకా బాగా వినిపించడం మొదలుపెట్టింది.

"ఇదిగో, సాయంత్రం మీ నాన్న చేతిలో ఒక్కసారి ఊరుకోవే. నా మాట విను. నువ్వు లేకపోతే ఆ పిచ్చి మారాజు ఉండలేడే. పైకి చెప్పడు గానీ, నాకు తెలుసు. గట్టిగా ఏడవకే తల్లీ ఇవాళ..."

నేను మంచం కింద సగం, పైన సగం ఉన్నాను. ఆ మాటలు విని, అందుకోబోయిన ఫోన్‌ని అలాగే వదిలేశాను.

తలుపు తెరుచుకుంది. మా ఆవిడ, వెనక అత్తగారు. అదే సమయానికి అద్దాల తలుపు మీద దబదబ చప్పుడు. చూస్తే, దుప్పటి తల మీద జారిపడిన ఒక పెద్ద తెల్లటి ఆకారం, చేతిలో ఏడుస్తున్న పిల్ల.

"ఎవడ్రా అది!" అన్నారు అత్తగారు. గోడ దూకేవాళ్లని పట్టుకోవడంలో ఆరితేరిన గొంతు అది.

"నేనేనమ్మా" అంది దుప్పటి. "బావ పంపించాడు. పిల్ల నా చొక్కా తడిపేసిందమ్మా."

అత్తగారు దుప్పటి లాగేసి, వాడి చెవి పట్టుకుని లోపలికి తెచ్చారు. మా ఆవిడ పిల్లని తీసుకుంది. పిల్ల ఏడుస్తూనే ఉంది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"ఓడిపోయాను" అన్నాను చివరికి. "మోసం కూడా చేశాను. దానికి నా చెయ్యి పడదు. తీసుకెళ్లండి అత్తగారూ. కాకపోతే రోజూ సాయంత్రం ఫోన్‌లో ఒకసారి ఏడిపించి వినిపించండి." నవ్వుతూ అందామనుకున్నాను. నవ్వు రాలేదు.

మా ఆవిడ పిల్లని తను తీసుకుని కూర్చుంటుందనుకున్నాను. అలా చెయ్యలేదు. మంచం మీద నా ముందే పడుకోబెట్టింది.

"కూర్చోండి" అంది.

"నా వల్ల కాదోయ్."

"కూర్చోమన్నానా? ఇప్పుడు చెప్పండి. ఎటు తిప్పారు?"

"కుడి..." అనబోయి ఆవిడ మొహం చూశాను. "ఎడమకి."

"తెలుసు. నిన్న వీడి పొట్ట మీదే చూశాను. ఎందుకు ఎడమకి?"

"విప్పడానికి."

"సరే, మీ లెక్కలోనే అడుగుతాను. ఇప్పుడు ఈ ఇంట్లో కారుతున్నదేంటి?"

నేను పిల్ల వైపు చూశాను. "ఏడుపు."

"కారే కుళాయిని మీరు విప్పుతారా?"

"ఎవడైనా విప్పుతాడా? కట్టేస్తాను."

"ఎటు తిప్పి?"

జవాబు నా చెయ్యే చెప్పింది. ఇన్నేళ్ల అలవాటు కదా, దానంతటదే పిల్ల పొట్ట మీద కుడికి తిరిగింది.

"మెల్లగా" అంది మా ఆవిడ. "స్పీడు తగ్గించండి. స్కూలు పక్కనుంచి వెళ్తున్నారనుకోండి."

తగ్గించాను. బొడ్డు చుట్టూ కుడికి, మళ్లీ కుడికి. పొట్ట నా అరచేతి కింద రాయిలా ఉంది. మోకాళ్లు మెల్లగా పొట్టకు ఆనించి వదిలాను. సైకిలు ఈసారి ముందుకు తొక్కించాను. ఏడుపు సన్నబడింది. వెక్కిళ్లయింది. నా చేతి కింద ఆ రాయి కరుగుతున్నట్టు తెలిసింది.

టుర్‌ర్.

పిల్ల కళ్లు తెరిచి, ఈ పెద్ద మొహం ఎవరిదబ్బా అన్నట్టు నన్ను కాసేపు పరీక్షించి, నవ్వింది. ఫోన్‌లో నవ్వు కాదు, నా కోసం నవ్విన నవ్వు. మా ఆవిడ పక్కనే ఉన్నా పిల్ల ఆవిడ వైపు చూడలేదు. నాకు కళ్లు మసకబారాయి. నూనె చేతులతో తుడుచుకుంటే ఇంకా మసకబారాయి.

"పాసయ్యారు" అన్నారు అత్తగారు.

"అంటే, పిల్లని తీసుకెళ్లరుగా?"

"నేనెక్కడ తీసుకెళ్తాను బాబూ? రేపట్నుంచి నాకు ఈత క్లాసులు" అన్నారు ఆవిడ. "ఈ వయసులో నాకు పసిపిల్లలెందుకు? తండ్రి చేతికి అలవాటు చెయ్యవే అని నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను. 'మామూలుగా చెప్తే నేర్చుకోడమ్మా, నువ్వు వార్డెన్ గొంతుతో ఒకసారి ఫోన్ చెయ్యి' అని ఇదే నన్ను పురమాయించింది. తీరా మీరు తిప్పలు పడుతుంటే, ఇందాకట్నుంచి నాలుగుసార్లు లోపలికి ఉరకబోయింది. నేనే కూర్చోబెట్టాను."

మా ఆవిడ పైకప్పులో ఏదో కొత్త విశేషం ఉన్నట్టు అటే చూస్తోంది.

"నీకు కూడా తెలుసా?" అని బావమరిది మీద పడ్డాను.

"తెలుసు బావా. కానీ నువ్వు భోజనం అంత ప్రేమగా పెడుతుంటే మధ్యలో ఎలా చెప్పను?" అన్నాడు చెవి రుద్దుకుంటూ.

సోమవారం సాయంత్రం వచ్చింది. మా ఆవిడ యూనిఫాం వేసుకుంది. చాలా రోజుల తర్వాత వేసుకుందేమో, అద్దంలో ఒకసారి చూసుకుని, గుండీలు సర్దుకుని, పిల్ల దగ్గరికి వచ్చింది. పిల్ల నా చేతిలో ఉంది. నా చొక్కా గుండీ మీద విచారణ జరుపుతోంది.

"పాలు తాగిన వెంటనే రాయకండి."

"తెలుసు."

"చేతులు వెచ్చగా ఉండాలి."

"తెలుసోయ్. బస్సుకి టైమవుతోంది, వెళ్లు."

గుమ్మం దాకా వెళ్లింది. వెనక్కి వచ్చింది. సంచి మర్చిపోయానంది, సంచి భుజానికే ఉంది. మళ్లీ గుమ్మం దాకా వెళ్లింది. "అమ్మ వెళ్తోందే" అంది. పిల్ల గుండీ వదల్లేదు, తల కూడా తిప్పలేదు. మా ఆవిడ మొహం చిన్నబోయింది.

"ఒక్కసారి ఏడిస్తే ఏం పోయిందిటా?" అంది మెల్లగా. ఎన్నాళ్లుగానో ఆ ఏడుపు ఆపడానికి తంటాలు పడిన మనిషి అడుగుతున్న మాట అది. తలుపు మూసుకుని వెళ్లిపోయింది.

నాకు మనసు ఆగలేదు. కాస్త ఆగి ఫోన్ చేశాను.

"ఏమోయ్, నువ్విలా వెళ్లావో లేదో, ఒకటే ఏడుపు. తలుపు వైపే చూస్తోంది. నన్ను చూసి మొహం తిప్పేసుకుంది. అమ్మే కావాలిట."

"నిజంగానా?" అంది. గొంతులో ఎంత సంతోషమో!

"ఒట్టు. ఇప్పుడే నానా తంటాలూ పడి ఊరుకోబెట్టాను."

"ఏమండీ, ఒకసారి తలుపు తియ్యండి."

తీశాను. ఎదురుగా మెట్ల మీద, సంచి ఒళ్లో పెట్టుకుని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, మా తలుపు పక్కనే కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పెదాలు నవ్వు ఆపుకుంటున్నాయి.

"ఇక్కడే కూర్చుని వింటున్నాను, ఒక్కసారైనా ఏడుస్తుందేమోనని" అంది. "కిక్కురుమనలేదు."

నేను మళ్లీ దొరికిపోయాను. పిల్లని సర్దుకుంటూ నిలబడ్డాను. పిల్ల వాళ్లమ్మని చూసి, తెలిసిన మనిషే అన్నట్టు ఒక నవ్వు పారేసి, మళ్లీ గుండీ పనిలో పడింది. మా ఆవిడ దాని పాదం పట్టుకుని కళ్లకు ఆనించుకుంది.

"అబద్ధమైతే అయింది" అంది. "ఇందాక చెప్పారే, తలుపు వైపే చూస్తోందని. అది ఇంకోసారి చెప్పండి, వెళ్లిపోతాను."

మెట్టు మీద ఆవిడ పక్కన కూర్చున్నాను. పిల్లని ఇద్దరి మధ్యా పెట్టుకుని, మొదటి నుంచి మళ్లీ చెప్పాను. ఈసారి ఏడుపు ఇంకాస్త ఎక్కువ వేసి చెప్పాను.